చెప్పని దగ్గు

పోయిన వారం మనం నీవెస్‌ను గనితల్లి గుడి మెట్ల మీద, నీలం తిరిగిన పెదవులతో వదిలేసి వచ్చాం. ఎత్తైన కొండల మీది ఒరూరో పట్నంలో అది ప్రమాణాల ఆదివారం. కార్నివాల్‌లో ఆడబోయే బృందాలన్నీ బాండులతో సహా గుడికి ఊరేగి వెళ్ళి, ఈ ఏడు నీ కోసం ఆడతాం తల్లీ అని మాట ఇచ్చే రోజు. నీవెస్ భర్త కసియానో అయావీరి ఒక బాండుకు పెద్ద. అందులో నీవెస్ బారితోన్ అనే లావుపాటి ఇత్తడి బాకా వాయిస్తుంది. రొమ్ము క్యాన్సర్ ఎముకల దాకా పాకినా, రోజూ వేసుకునే మాత్రతో కొన్నేళ్ళుగా దాన్ని అణిచి ఉంచిన మనిషి. మూడు కార్నివాల్‌లు వాయిస్తానని తల్లికి మొక్కుకుంది. రెండు తీర్చింది, ఇది మూడోది. గుడి ముందు ఒక స్వరం ఎత్తుకుని, సగంలో వదిలేసి, బాకా ఒళ్ళో పెట్టుకుని కూలబడింది.

జనం తలా ఒక మాట అన్నారు. కొండగాలి పడలేదని ఒకరు, పొద్దున ఏమీ తినలేదేమోనని ఇంకొకరు. ఒకాయన కొండగాలికి విరుగుడుగా నమిలే కోకా ఆకులు తెచ్చి ఆమె గుప్పిట్లో పెట్టాడు. అప్పుడే వెనక బృందంలోంచి కుచ్చుల పావడా, గుండ్రటి టోపీతో ఒకావిడ వరస తప్పించుకుని పరిగెత్తుకొచ్చి, నీవెస్ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "నీవెస్! ఎన్నాళ్ళ నుంచి ఈ ఆయాసం?" అని అడిగింది. ఆవిడ డాక్టర్ జులేమా అరిస్పే. కింద లోయలో, కొచబంబలో నీవెస్‌కు వైద్యం చేస్తున్న డాక్టరే. ఏటా ఒరూరో వచ్చి నాట్యమాడటం ఆవిడకు సరదా. అక్కడ ఆపాం.

ఇప్పుడు ఆసుపత్రి వరండాలో కసియానో ఒళ్ళో ట్రంపెట్ పెట్టుకుని కూర్చున్నాడు. దాన్ని ఎక్కడన్నా పెట్టవచ్చని అతనికి తట్టలేదు. పక్కన తల్లి ఎవులోహియా. ఆమె బుగ్గలో కోకా ఉండ, నోటి నిండా సణుగుడు.

"లోయవాళ్ళు మన ఊళ్ళో నాలుగు మెట్లెక్కితేనే కళ్ళు తేలేస్తారు. అట్లాంటిది ఆవిడొచ్చి మన పిల్లకి రోగం కనిపెడుతుందట! తిండి తప్ప ఇంకో ధ్యాస లేని ఊరది."

"అమ్మా, కాసేపు ఊరుకో."

"ఎందుకూరుకోవాలి? ఊరేగింపు మధ్యలో పిల్లను లాక్కొచ్చి గొట్టాలు పెట్టించింది. అమ్మవారి ఎదుట సగం పాట వదిలేస్తే ఏమవుతుందో ఆవిడకేం తెలుసు?"

కసియానో తలుపు వంకే చూస్తున్నాడు. అతను ఒక్క మాట కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ మాట ఏమిటో అతనికి తెలుసనే అనుకున్నాడు. తిరగబెట్టింది అంటారు. ఆ మాట తన చెవిన పడినప్పుడు ముఖం ఎలా పెట్టాలో, నీవెస్ గదిలోకి ఎలా నడవాలో మనసులోనే సాధన చేసుకుంటున్నాడు, కొత్త పాట నేర్చుకున్నట్టు.

తలుపు తెరుచుకుంది. జులేమా ఇంకా ఆ కుచ్చుల పావడాలోనే ఉంది. టోపీ మాత్రం ఎక్కడో పోయింది. చేతిలో ఛాతీ స్కాను ఫిల్ములు.

"క్యాన్సర్ తిరగబెట్టలేదు," అంది.

కసియానో లేచి నిలబడ్డాడు. ట్రంపెట్ జారి నేల మీద పడి ఖంగున మోగింది. ఎవులోహియా శిలువ గుర్తు వేసుకుంది. సాధన చేసిన ముఖమంతా ఎటో పోయి, కసియానోకు నవ్వొచ్చేసింది. పిచ్చివాడిలా నవ్వాడు. పాపం, ఆ నవ్వుకు ఆయుష్షు ఎంతో నాకు తెలుసు గనుక చెప్పడానికి మనసొప్పడం లేదు.

"మరైతే గని దగ్గే," అంది ఎవులోహియా, తనే కనిపెట్టినంత గొప్పగా. "నేను ముందే చెప్పలేదూ? చిన్నప్పుడు వాళ్ళమ్మతో కలిసి గని బయట కుప్పల మీద రాళ్ళు పగలగొట్టేది కదా. ఆ దుమ్మే. మా ఆయన కూడా ఇట్లాగే దగ్గుతూ ముసలివాడయ్యాడు. వీరవీర ఆకు కాచి ఇస్తున్నా, తగ్గుతుంది."

"గని కాదమ్మా. గని దుమ్మైతే ఎలా కనిపిస్తుందో ఈ ఊరి డాక్టర్లకి మీరూ నేనూ చెప్పక్కర్లేదు. నెమ్ము కూడా కాదు, ఆ పరీక్షలూ చూశాం." జులేమా కసియానో వైపు తిరిగింది. గొంతు తగ్గించింది. "కసియానో గారూ, ఇది మాత్ర వల్ల. క్యాన్సర్‌ను పడుకోబెట్టిన ఆ మాత్రే ఆవిడ ఊపిరితిత్తుల్ని వాచేలా చేసింది. అందరికీ అవ్వదు. కొందరికి అవుతుంది. రెండు వైపులా కింద నుంచి సగం దాకా కమ్మేసింది."

కసియానోకు వినపడింది, కానీ మనసుకు ఎక్కలేదు. మాత్ర. తెల్లటి చిన్న మాత్ర. ప్రతి పొద్దునా వేడివేడి జొన్నజావ తాగాక, పాదిరీ నాలుక మీద ప్రసాదం పెట్టినట్టు, తన చేత్తోనే భార్య నాలుక మీద పెట్టే మాత్ర. ఇంకెవరి చేతా పెట్టనివ్వలేదు. పెళ్ళిళ్ళలో వాయించడానికి వేరే ఊరు వెళ్ళాల్సి వస్తే, తెల్లారకముందే లేపి మరీ పెట్టి వెళ్ళాడు. ఒకసారి జ్వరంతో వాంతి చేసుకుంటే, ఫోను చేసి డాక్టరును అడిగి మరీ మర్నాటి వేళ తప్పకుండా పెట్టాడు. ఇన్నేళ్ళలో ఒక్కపూట తప్పనివ్వలేదని స్నేహితుల దగ్గర గొప్పలు పోయాడు కూడా.

తన కుడిచేతి వేళ్ళ వంక చూసుకున్నాడు.

"నేనే పెట్టాను," అన్నాడు.

"మీరు పెట్టకపోతే ఆవిడ ఈ పాటికి బతికి ఉండేది కాదు. ఆ సంగతి తర్వాత. నాకు ఒకటి చెప్పండి, దగ్గు ఎప్పుడు మొదలైంది?"

"పోయిన కార్నివాల్ అయ్యాక."

జులేమా చేతిలోని ఫిల్ములు కిందికి దించింది. "పోయిన కార్నివాల్? మరి నాకెందుకు చెప్పలేదు?"

కసియానో అయోమయంగా తల్లి వంక చూశాడు, తల్లి అతని వంక చూసింది. "దగ్గు గురించా?" అన్నాడు. "దగ్గు గురించి డాక్టరుకు చెప్తారా, డాక్టరీటా?"

వెటకారం కాదది. ఒరూరోలో దగ్గు అంటే ఇంట్లో ఉండే మనిషిలాంటిది. తాత దగ్గాడు, తండ్రి దగ్గాడు, గోడ అవతల పక్కింటాయన దగ్గుతాడు. పొద్దున ఎవరింట్లోంచి దగ్గు వినపడకపోతే ఆ ఇంటి తలుపు తట్టి చూసే ఊరది. అలాంటి ఊళ్ళో దగ్గు కోసం బస్సెక్కి లోయలోకి పోయి డాక్టరుకు చెప్పుకుంటే నలుగురూ నవ్వరూ? నీవెస్‌కు దగ్గు పట్టుకున్నప్పుడు ఇంటిల్లిపాదీ లోలోపల ఊపిరి పీల్చుకున్నారు కూడా. గని దగ్గు తెలిసిన దగ్గు. దానితో ఎలా వేగాలో అందరికీ తెలుసు. కసియానో తన బాండులో భార్యకు చిన్న చిన్న స్వరాలే ఉండేలా పాటలు మార్చి రాశాడు. అంతే, అతనికి తోచిన వైద్యం.

"నేను ప్రతిసారీ అడిగాను," అంది జులేమా. "దగ్గుందా, ఆయాసముందా, మెట్లెక్కితే రొప్పుతున్నావా అని. మా నర్సు కూడా అడుగుతుంది. ప్రతిసారీ లేదంది. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విన్నా... అక్కడ కింద గాలి చిక్కన కదా. మా ఊళ్ళో దిగేసరికి ఆవిడ ఊపిరి తేలికపడేది. నా ఎదుట మెట్లు గబగబా ఎక్కి చూపించింది. నేను నమ్మాను." ఆవిడ కళ్ళు ఎర్రబడ్డాయి. "పైగా ఛాతీ స్కానుకు రెండుసార్లు రాసిచ్చాను. పెళ్ళిళ్ళ సీజను, బాండుకు తీరిక లేదు, ఈసారి చేయిస్తానంది."

"చేయించింది కదా!" అన్నాడు కసియానో. "శుభ్రంగా ఉందన్నారట కదా! ఆ రోజు నేను బాండు మొత్తానికి విందు చేశాను. లామా మాంసం, ఉడికించిన మక్కలు, గుడ్లు... అమ్మవారి పేరున నేల మీద బీరు పోసి..."

జులేమా తల అడ్డంగా ఊపింది.

ఎవులోహియా లేచి నిలబడింది. బుగ్గలోని కోకా ఉండను కొంగులోకి ఉమ్ముకుని, "లోపలికి పద," అంది కొడుకుతో.

నీవెస్ మంచం మీద ఒరిగి కూర్చుని ఉంది. ముక్కు దగ్గర సన్నటి గొట్టాలు. పెదవులకు కాస్త రంగొచ్చింది. వాళ్ళ ముగ్గురి ముఖాలూ చూడగానే, వాళ్ళు ఏం తెలుసుకుని వచ్చారో ఆమెకు తెలిసిపోయింది. దుప్పటి సర్దుకుంది.

"బాకా ఎవరు తెచ్చారు?" అని అడిగింది.

"బాకా గంగలో కలవనీ," అన్నాడు కసియానో. "అడిగితే దగ్గు లేదన్నావట."

"అన్నాను."

"మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. గుర్తుపెట్టుకునే లేదన్నాను."

కసియానో మంచం అంచు పట్టుకున్నాడు. ఇరవయ్యేళ్ళ పైచిలుకు కాపురంలో ఈమె తనతో అబద్ధమాడిందంటే, బూడిదరంగు స్వెట్టరు ధర తగ్గించి చెప్పడం వరకే అతనికి తెలుసు.

"మరి స్కాను?"

"తీయించలేదు."

"శుభ్రంగా ఉందన్నావు! నేను బీరు పోశాను! ఊరందరికీ తిండి పెట్టాను, నీవెస్! బల్లెక్కి నాట్యం చేశాను!"

"బాగా చేశావు," అంది నీవెస్. నవ్వబోయింది, నవ్వు దగ్గయింది, దగ్గు వదలలేదు. ఎండుదగ్గు, ఒకదాని మీద ఒకటి, ముఖం కందిపోయేదాకా. ఎవులోహియా వెళ్ళి వీపు నిమిరింది. దగ్గు తగ్గాక నీవెస్ ఒక్కో మాటే కూడగట్టుకుని చెప్పింది.

"ఎర్మెలిందా గుర్తుందా? నాతో బస్సులో వచ్చేది, వనూనీ ఊరావిడ. మా ఇద్దరికీ ఒకే మాత్ర. దగ్గొస్తోందని డాక్టరీటాకు చెప్పింది. మాత్ర ఆపేశారు. బంగాళదుంపలు తీసే నాటికి... మట్టి చేశారు. నేనే వెళ్ళి వాయించొచ్చాను కదా, ఆవిడ శవం వెనక." ఆగి ఊపిరి పీల్చుకుంది. "నాకూ దగ్గు మొదలైన రోజు అదే అనుకున్నాను. చెప్తే ఆపేస్తారు. ఆపేస్తే అది నిద్ర లేస్తుంది. దగ్గుతో బతకొచ్చు, కసియానో. మనూళ్ళో అందరూ బతకట్లేదా?"

జులేమా వచ్చి మంచం మీద నీవెస్ కాళ్ళ దగ్గర కూర్చుంది. పావడా కుచ్చులకున్న పూసలు గలగలలాడాయి. ఆ గదిలో ఆ చప్పుడు వినడం అందరికీ ఇబ్బందిగా ఉంది.

"ఎర్మెలిందా విషయం నీకు నేను చెప్పకూడదు," అంది. "కానీ నువ్వు దాన్ని పట్టుకుని ఇంత పని చేశావు గనుక చెప్తున్నాను, ఆవిడ ఆత్మ నన్ను క్షమించాలి. ఆవిడకు మాత్ర ఆపింది దగ్గు వల్ల కాదు. అది పనిచేయడం మానేసింది. అందుకు ఆపాను. దగ్గు ఒక్కటే అయితే పూర్తిగా ఆపేవాళ్ళమే కాదు, కొన్నాళ్ళు విరామం ఇచ్చేవాళ్ళం."

"విరామం?" అంది నీవెస్.

"అవును, విరామం. మొదట్లో, దగ్గు కొంచెంగా ఉన్నప్పుడు తెలిస్తే, కొన్ని వారాలు మాత్ర మానిపించి, వాపు తగ్గే మందిచ్చి, ఊపిరితిత్తులు తేరుకున్నాక అదే మాత్ర తక్కువ మోతాదులో మళ్ళీ ఇస్తాం. చాలామందికి అలాగే నడుస్తోంది. నాకు ఒక్క మాట చెప్పి ఉంటే చాలు."

"అయితే ఇప్పుడు అలాగే చేయండి," అంది నీవెస్. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "ఇప్పుడు చెప్పాను కదా."

జులేమా ఆమె పాదం మీద చెయ్యి వేసింది. "ఇంత ముదిరాక మళ్ళీ ఆ మాత్ర ఇస్తే నిన్ను నేనే చంపినట్టు. అది ఇక నీకు లేదు, నీవెస్. ఎప్పటికీ."

నీవెస్ ఏడవలేదు. అరవలేదు. డాక్టరు వంకా, భర్త వంకా మార్చి మార్చి చూసింది, ఎవరో ఒకరు ఇది పరాచికమని చెప్తారన్నట్టు. ఏ మాత్ర పోతుందని అన్ని నెలలు ఊపిరి బిగబట్టి, మెట్లెక్కి చూపించి, మొగుడి చేత బల్లెక్కి నాట్యం చేయించిందో, ఆ మాత్రను తన నోటితోనే పోగొట్టుకుంది. కసియానోకు తిట్టాలనిపించింది, కొట్టాలనిపించింది, కావలించుకోవాలనిపించింది. చివరికి ఏదీ చేయలేక గోడకు తల ఆనించి నిలబడ్డాడు.

"వేరే మందులున్నాయి," అంది జులేమా. "ఇంత సులువు కావు, కానీ ఉన్నాయి. ముందు ఊపిరితిత్తులు తేరుకోవాలి. వాపు తగ్గే మందు ఇప్పుడే ఎక్కించాం. కానీ నిన్ను ఈ గాలిలో ఉంచలేను. ఈరోజే కిందికి దింపాలి. మా ఆసుపత్రిలో ఊపిరితిత్తుల డాక్టరు సిద్ధంగా ఉన్నాడు."

"దింపాలంటే ముందు కుంబ్రే ఎక్కాలి కదా," అన్నాడు కసియానో గోడ వైపు నుంచే.

అదీ చిక్కు. ఒరూరో నుంచి లోయలోకి దిగాలంటే రోడ్డు ముందు ఇంకా పైకి ఎక్కుతుంది. ఆ కనుమ పేరే కుంబ్రే. మంచు పడే ఎత్తు. అక్కడ ఊపిరి బాగున్నవాళ్ళకే గుండె దడదడలాడుతుంది. ఆ ఎత్తు దాటితే అంతా దిగుడే, ప్రతి మలుపుకీ గాలి చిక్కబడుతుంది.

"ఆక్సిజన్ సిలిండరు పెట్టుకుని దాటిస్తాను. నేనూ వస్తాను. ఎక్కువసేపు ఆగకుండా వెళ్తే చాలు," అంది జులేమా.

ఆసుపత్రి అంబులెన్సు అప్పటికే ఇంకో రోగిని తీసుకుని లాపాజ్ వెళ్ళింది. బాండులో పెద్ద డోలు వాయించే తెలెస్ఫోరోకు కబురు వెళ్ళింది. బాండు వ్యాను అతనే నడుపుతాడు. వ్యాను ఒంటి నిండా ఎర్ర రంగులో బాకాల బొమ్మలు, 'అయావీరి బాండు, పెళ్ళిళ్ళకూ పండుగలకూ' అన్న రాతలు. వెనక సీట్లు పీకి పరుపు వేశారు. సిలిండరును డోలు పెట్టే చోట తాళ్ళతో బిగించారు. ఎవులోహియా కోడలి చుట్టూ రెండు శాలువాలు చుట్టి, "లోయలో తిండి పెట్టకపోతే నాకు చెప్పు, నేనొస్తా," అని బెదిరించింది, ఎవరిని బెదిరించిందో ఆమెకే తెలియాలి. వ్యాను కదిలాక మాత్రం రోడ్డు మధ్యలో నిలబడి, తెరిచిన నోటితో అలా చూస్తూ ఉండిపోయింది.

దారిలో నీవెస్ ఒక్కసారే మాట్లాడింది. "నువ్వు పెట్టావు కాబట్టి మింగాను," అంది భర్తతో. "నా చేత్తోనైతే నాకు ధైర్యం చాలేది కాదు. ప్రతి పొద్దునా అనుకునేదాన్ని, ఇదే నన్ను ఊపిరాడనివ్వట్లేదని."

"అనుకుంటూ మింగావా?"

"నువ్వు అంత సంతోషంగా పెట్టేవాడివి."

కసియానో ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. బయట పసుపు గడ్డి, గొర్రెల మంద, రాళ్ళు. రోడ్డు ఎక్కుతూనే ఉంది. జులేమా ఒక చేత్తో నీవెస్ నాడి, ఇంకో చేత్తో తన నుదురు పట్టుకుని కూర్చుంది. ఆవిడకూ తల తిరుగుతోంది, కానీ ఒప్పుకోదు.

కనుమ మీద తెలెస్ఫోరో బ్రేకు వేశాడు.

రోడ్డు మీద అడ్డంగా బండరాళ్ళు, కాలుతున్న టైర్లు. ఆగిన లారీలు. తమకు వంతెన కట్టించాలని ఒక పల్లె జనం చేస్తున్న రోడ్డు దిగ్బంధం. కసియానో దిగి చేతులు జోడించుకుంటూ వెళ్ళాడు. ఈల మెడలో వేసుకున్న ఒక ముసలావిడ ఎదురొచ్చింది.

"రోగి ఉంది తల్లీ. ఊపిరాడట్లేదు. కిందికి తీసుకెళ్తున్నాం."

ముసలావిడ వ్యాను మీది బాకాల బొమ్మలు చూసింది. లోపల కుచ్చుల పావడాలో ఉన్న డాక్టరును చూసింది. "ప్రమాణాల ఆదివారం తాగి ఆడి, రోగి అంటున్నావా? పొద్దుట్నుంచి ఇట్లాంటి రోగులు నలుగురు వచ్చారు."

"ఆవిడే డాక్టరు! వచ్చి చూడండి, నా భార్యను చూడండి!"

ఆమె వచ్చి చూసింది. గొట్టాలు చూసింది, సిలిండరు చూసింది. ముఖం మారింది. వెనక్కి తిరిగి మగవాళ్ళను కేకేసింది, వాళ్ళు వచ్చి రాళ్ళు జరపడం మొదలుపెట్టారు. కానీ రాళ్ళ వెనక లారీలున్నాయి, ఒకదాని వెనక ఒకటి, రెండు వరసలుగా, మలుపు దాటి కనపడనంత దూరం. అవి కదిలితే తప్ప వ్యానుకు దారి లేదు. వాటి డ్రైవర్లు ఎక్కడ పడుకున్నారో ఎవరికీ తెలియదు.

"బండి పోదు నాయనా," అంది ముసలావిడ, ఈసారి మెల్లగా. "మనుషులు పోవచ్చు. నడిచి దాటండి. అవతల మా వాళ్ళ బండి ఉంది, దింపుతారు."

జులేమా సిలిండరు ముల్లు చూసి, "ఇక్కడ కూర్చుని లారీల కోసం ఎదురుచూస్తే ఇది చాలదు," అంది.

తెలెస్ఫోరో డోలు పట్టీలు విప్పి, సిలిండరును వాటితో ఛాతీకి కట్టుకున్నాడు. కసియానో వంగాడు. నీవెస్‌ను వీపుకెత్తి, శాలువాతో తన నడుముకు బిగించి కట్టారు. గొట్టం లాగకుండా తెలెస్ఫోరో పక్కనే, జులేమా వెనకే నడిచారు. లారీల మధ్య సందులో చల్లగాలి కోసేస్తోంది. నీవెస్ గడ్డం కసియానో భుజం మీద ఉంది, ఆమె దగ్గు అతని చెవిలోనే మోగుతోంది. దగ్గినప్పుడల్లా అతనికి ఒక అడుగు వేసే బలం వచ్చింది. ఇన్ని నెలలు ఆ దగ్గును ఇంటి చప్పుళ్ళలో ఒకటిగా విని ఊరుకున్న మనిషి, ఇప్పుడు ప్రతి అడుగుకీ దగ్గమని వేడుకుంటున్నాడు.

మలుపు తిరిగారు. లారీల వరస ఇంకా అయిపోలేదు.

అతని చెవి దగ్గర దగ్గు ఆగిపోయింది.

"నీవెస్," అన్నాడు. ఇంకో అడుగు వేశాడు. "నీవెస్, దగ్గు. ఒక్కసారి దగ్గవే."

అతని మెడ చుట్టూ ఉన్న ఆమె చేతులు జారి కిందికి వేలాడాయి.